వెంటపడేవాడికి బుద్ధి ఉండకూడదా?

మొన్నొక శనివారం మా మనవడు నన్ను గూండాని చేశాడు. ఒక్క గూండాని కాదు, నలుగురు గూండాలూ నేనేనట. రెండు నల్లకార్లు, కారుకి ఇద్దరేసి మనుషులు, అందరికీ కలిపి బుర్ర ఒక్కటే, అది నాది. వయసు డెబ్భై దాటింది, మోకాళ్లు మేడమెట్లు ఎక్కనివ్వడం లేదు, అయినా కొండదారుల్లో గంటకి వందమైళ్ల వేగంతో కారు తోలమన్నారు. తోలాను.

ఇదంతా న్యూజెర్సీలో, మా అమ్మాయిగారింటి భోజనాల బల్ల మీద జరిగింది లెండి. శనివారం శనివారం మా వాడూ వాడి స్నేహితులు ముగ్గురూ ఆ బల్ల చుట్టూ చేరతారు. పదహారూ పదిహేడేళ్ల పిల్లలు. ముందర పేక ఉండదు, గవ్వలుండవు, గళ్లు గీసిన అట్టయినా ఉండదు. తలా ఒక కాగితం, పెన్సిలు, పదేసి ముఖాలున్న పాచికలు. ఒకడు కథ చెబుతుంటాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని "నేను కిటికీలోంచి దూకుతున్నా", "నేను వాడి వెనకాలే పోతున్నా" అంటుంటారు. బుర్రకథలో వంతలు మధ్యమధ్య అడ్డు ప్రశ్నలేస్తారు చూడండి, అచ్చం అలాగే. ఇక్కడ వంత నోరు విప్పాడంటే కథే దారి మారిపోతుంది, అదొక్కటే తేడా. దూకినవాడు బతికాడా, కాలు విరిగిందా అన్నది పాచికలు చెబుతాయి.

వాళ్లాడే ఆట పేరు "జేమ్స్ బాండ్ 007". 1983లో అమెరికాలో విక్టరీ గేమ్స్ అనే కంపెనీవారు వేశారు. జెరార్డ్ క్రిస్టఫర్ క్లుగ్ అనే ఆయన తయారుచేశాడు. బాండు పేరు వాడుకునే హక్కు చేజారడంతో ఆ దశాబ్దం దాటకుండానే ఆగిపోయిన ఆట. మావాడు ఏ పాతపుస్తకాల కొట్లోనో పట్టుకొచ్చాడు. వాడు పుట్టడానికి పాతికేళ్ల ముందుది! పాతచీరె జరీలాగా వీటికీ ఇప్పుడు గిరాకీ ట.

కథ నడిపేవాడికి చేతినిండా పని. హోటలు గుమాస్తా వాడే, పోలీసూ వాడే, విలనూ వాడే. అంచేత వెంటపడే గూండాల పని నాకప్పగించాడు. "నువ్వేం ఆలోచించక్కర్లేదు అమ్మమ్మా, వాళ్ల వెనకాల పడి పోతుండటమే" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ముప్ఫై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. ఏమీ ఆలోచించక్కర్లేదంటే ఎందుకో తెలుసుకోకుండా ఊరుకోలేను. "ఏదీ, ఆ రూల్సు పుస్తకం ఇలా ఇయ్యి" అన్నాను. ఆ రాత్రి నవల చదివినట్టు చదివాను. నవలని విమర్శించినట్టు దీన్నీ నాలుగు మాటలు అనుకోవచ్చనిపించింది.

ముందు మంచి చెప్పుకోవాలి. కార్ల వేటకి ఆయన పెట్టిన పద్ధతి చూసి నేను ముచ్చటపడ్డాను. ఎందుకంటే అది మన చిట్టీ పాట!

నవ్వకండి. నెలకోసారి చిట్టీ పాట ఎలా జరుగుతుంది? లక్షరూపాయల చిట్టీ. అవసరం ఉన్నావిడ పదివేలు తగ్గించుకుంటానంటుంది. ఇంకా అవసరం ఉన్నావిడ పదిహేను తగ్గించుకుంటానంటుంది. కూతురి పెళ్లి నెత్తిమీదున్నావిడ పాతికవేలు వదులుకుని పాట పాడేసుకుంటుంది. ఎవరి అవసరం ఎంతటిదో పాట బయటపెట్టేస్తుంది. ఈ ఆటలోనూ అంతే. ప్రతి పనికీ సులువు అంకె ఒకటుంటుంది. తోలేవాడి నేర్పుని దాంతో హెచ్చవేస్తారు. నేర్పు 20, సులువు అంకె 5 అయితే నూటికి నూరు, ఢోకా లేదు. అంకె 3 అయితే 60. అంకె 1కి దిగిందా, నూటికి 20 పాళ్లే గెలుపు. పారిపోయేవాడూ వెంటపడేవాడూ ఎదురెదురుగా కూచుని ఈ అంకెని తగ్గించుకుంటూ పాడతారు. "నేను 4లో తోలతా" "నేను 3లో" "నేను 2లో". చివరికి ఎవరు ఆగిపోతే ఎదుటివాడు పాట గెలిచినట్టు. ముందు ఎవరు కదలాలన్నది గెలిచినవాడి ఇష్టం.

ఇక్కడే క్లుగ్‌గారి తెలివంతా ఉంది. చిట్టీలో పాడుకున్నావిడ నష్టం పాడుకున్నావిడదే. మిగతావాళ్లకి డివిడెండు వస్తుంది. ఈ పాటలో అలా కాదు. గెలిచినవాడు ఎంతకి పాడాడో ఓడినవాడూ అంతటి కష్టంలోనే కారు తోలాలి. ముందువాడు సందులోకి దూరితే వెనకవాడికీ అదే సందు. వాడు తడిరోడ్డు మీద మలుపు తిప్పితే వీడికీ అదే తడి, అదే మలుపు. పైగా ఒక్కో బండికీ ఒక్కో ఎర్రగీత రాసిపెట్టారు. పాట దానికి దిగువకి పోతే గండం పొంచి ఉన్నట్టే. వేగం, దూరం, నిమిషాలు అంటూ లెక్కలు కట్టకుండా, ఇద్దరు మనుషుల మొండితనాన్ని ఒక్క అంకెలో పెట్టి చూపించాడు. నలభై ఏళ్ల కిందటి పుస్తకంలో ఇంత మనస్తత్వం ఉంటుందని నేననుకోలేదు సుమండీ.

బండితో ఏంచేయొచ్చో కూడా చెప్పాడు. అయిదే అయిదు: వెంటపడటం లేదా పారిపోవటం, ఎదుటి బండిని నెట్టడం, చటుక్కున మలుపు తిరగడం, వెనక్కి తిరిగి ఎదురు రావడం, ఆఖరిది ఏదో ఒక చిత్రమైన విన్యాసం. అదేమిటన్నది ఆడేవాడి ఊహకి వదిలేశాడు.

సరే, ఇక చెడ్డ.

ఆ అయిదింటిలో పారిపోయేవాడి కోసం పుట్టినవెన్ని, వెంటపడేవాడి కోసం పుట్టినవెన్ని? మలుపూ, వెనక్కి తిరగడమూ, విన్యాసమూ తప్పించుకునేవాడి సొత్తు. వెంటపడేవాడికి మిగిలినవి రెండు: వెనకాల పడి పోవడం, దగ్గరికొస్తే గుద్దడం. బుద్ధంతా ముందుకారులోనూ, పెట్రోలంతా వెనకకారులోనూ ఉంది. దీనికితోడు కథానాయకులకి హీరో పాయింట్లని ఉంటాయి. పాచికలు అడ్డంగా పడినా ఒక పాయింటు ఖర్చుపెట్టి బయటపడొచ్చు. నాలాంటి కిరాయి గూండాలకి అవి లేవు. అంటే పాట 1కి దిగినా వాడికి భయం లేదు, నేను మాత్రం లోయలో పడాలి. ఒక చెయ్యి కట్టేసి గోదాలోకి దింపడమే కదా ఇది?

తప్పు ఒక్క క్లుగ్‌గారిది కాదు, ఆ సినిమాల్లో ఉన్నదే ఆయన పుస్తకంలోకి వచ్చింది. 1964లో వచ్చిన "గోల్డ్‌ఫింగర్"లో బాండు కారు పొగ వదుల్తుంది, నూనె కుమ్మరిస్తుంది, పక్కసీట్లో మనిషిని పైకి విసిరేస్తుంది. వెనక వచ్చేవాళ్ల కార్లు రోడ్డు తప్పి పడిపోతాయి. 1981లో వచ్చిన "ఫర్ యువర్ ఐస్ ఓన్లీ"లో అయితే మరీను. పసుప్పచ్చటి బుల్లి సిత్రోయెన్ 2 సి.వి. కారు, చూడబోతే మన పెసరట్ల పెనం మీద మూకుడు బోర్లించినట్టుంటుంది, దాన్ని బలమైన పెజో కార్లు తరిమి తరిమి ఒకటొకటే బోల్తా కొడతాయి. అది చూసి పిల్లలు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ ఆ పెజోల్లో ఉన్నవాళ్లలో ఒక్కడికైనా "ఈ రోడ్డు ఎక్కడికి పోతుందిరా?" అని అడగాలని తోచదు! మన సినిమాల్లో విలన్ల జీపులూ అంతే కదా. హీరో వెనకాల పదిజీపులు పోతాయి, ఒక్కటీ అడ్డదారిన రాదు.

వెంటపడేవాడికి బుద్ధి పెట్టి తీసినవాళ్లు లేకపోలేదు. 1971 నాటి "ది ఫ్రెంచ్ కనెక్షన్" చూడండి. తీసినాయన విలియం ఫ్రీడ్‌కిన్. హంతకుడు బ్రూక్లిన్‌లో స్తంభాల మీద పోయే రైలెక్కేశాడు. పోలీసు డిటెక్టివు కిందిరోడ్డు మీద ఎవరిదో కారు లాక్కుని బయల్దేరాడు. రైలుని కారుతో పట్టుకోవడం ఎక్కడైనా ఉందా? ఆయన పట్టుకోవాలని చూసింది రైలుని కాదు, వచ్చే స్టేషన్ని. రైలు తప్పించుకోలేనిది పట్టాలనే. దానికన్నా ముందు స్టేషనుకి చేరితే చాలు. దారిపొడుగునా జనాన్ని హడలగొట్టిన మొరటు మనిషే గానీ, ఆ ఒక్క ఆలోచన వల్ల ఆ వేట మిగతావాటి సరసన చేరదు.

అంతకు మూడేళ్ల ముందు, 1968లో "బుల్లిట్" వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధులు. హంతకులు నల్ల డాడ్జి కారులో డిటెక్టివు వెనకాల మెల్లగా వస్తుంటారు. ఓ మలుపులో ఆయన మాయమవుతాడు. వీళ్లు వెతుక్కుంటూ పోతుంటే తమ అద్దంలో, తమ వెనకాల ఆయన కారు కనిపిస్తుంది. డ్రైవరు ఒక్కమాటా మాట్లాడడు. సీటుబెల్టు పెట్టుకుంటాడు. ఎవరు ఎవరి వెంట పడుతున్నారన్నది తలకిందులైపోయిందని ఆ బెల్టు చప్పుడుతో తెలుస్తుంది. క్లుగ్‌గారి జాబితాలో వెనక్కి తిరిగి ఎదురొచ్చే విన్యాసం చదివినప్పుడు నాకదే గుర్తొచ్చింది.

ఇంతకీ నా గూండాల సంగతి చెప్పలేదు కదూ.

హీరోలు ముగ్గురూ ఏదో రహస్య ఫిల్ము సంచిలో పెట్టుకుని కొండమీది హోటల్నించి కారులో పరారయ్యారు. మా వాడు "అమ్మమ్మా, నీ రెండు కార్లూ వాళ్ల వెనకాలే ఉన్నాయి, పాట మొదలెట్టు" అన్నాడు.

"ఉండరా. వాళ్లు పోయేది ఎక్కడికి?" అన్నాను.

నలుగురూ ముఖాలు చూసుకున్నారు. ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరూ అడగలేదట. అరగంట కిందట ఆ ముగ్గురిలో ఒకడు హోటలు కుర్రాణ్ణి ఆరుగంటల పడవ ఏ రేవులో ఎక్కాలని అడిగాడు. ఆ కుర్రాడు విలన్ మనిషేనని వీళ్లకి తెలియదు గానీ నాకు తెలుసు. నేను పక్కనే కూచుని పులిహోర కలుపుతున్నా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి మరి.

"అయితే నా రెండో కారు పాటలోకి రాదు. తిన్నగా రేవుకి పోతుంది. మొదటి కారు వాళ్ల వెనకాలే ఉంటుంది గానీ గుద్దదు, దగ్గరికిపోదు. అద్దంలో కనపడుతుంటే చాలు" అన్నాను.

మీరు ఎప్పుడైనా అన్నంగిన్నె పట్టుకుని రెండేళ్ల పిల్ల వెనకాల తిరిగారా? ఆ విద్యంతా అక్కడ నేర్చుకున్నదే. వెనకాల పరిగెత్తితే దానికి ఆట, మనకి ఆయాసం. ముద్ద కలుపుకుని ఉయ్యాల బల్ల దగ్గర నిలబడితే, ఇల్లంతా తిరిగి అక్కడికే వస్తుంది. అయితే ఇంకొకరు వెనకాల "పట్టుకుంటా, పట్టుకుంటా" అంటూ ఉండాలి. ఎవరూ తరమకపోతే అది పరిగెత్తదు, పరిగెత్తకపోతే ఉయ్యాల దగ్గరికి రాదు. మా అత్తగారూ నేనూ ఇలా ఇద్దరు పిల్లల్ని పెంచాం. మిగతా విషయాల్లో మాకు పడేది కాదు, అది వేరే సంగతి.

పాట మొదలైంది. నేను 5 అన్నాను, వాళ్లు 4 అన్నారు. "ఊఁ, మీదే" అని ఊరుకున్నా. మళ్లీ 5 అన్నా. వాళ్లు కుర్రవాళ్లు, ఊరుకోరు కదా, 3 అన్నారు, 2 అన్నారు. అద్దంలో కారు కనపడుతున్నంతసేపూ వాళ్లకి కాలు నిలవదు. వాళ్ల పాటకి వాళ్లే రెండు హీరో పాయింట్లు తగలేసుకున్నారు. నా మొదటి కారు ఒక మలుపులో గుంటలోకి దిగింది నిజమే. వాళ్లు ఈలలు వేసుకుంటూ రేవుకి చేరేసరికి రెండో కారు అడ్డంగా ఉంది. ఇద్దరు గూండాలు బయట నిలబడి సిగరెట్లు కాలుస్తున్నారు.

"దిసీజ్ నాట్ ఫేర్ అమ్మమ్మా!" అని గోల. ఆ అమెరికా పిల్లలు కూడా నన్ను అమ్మమ్మా అనే పిలుస్తారు. పుస్తకంలో ఇలా చేయొచ్చని ఎక్కడుంది అని ఒకడు. చేయకూడదని ఎక్కడుంది అని నేను. మా వాడు కాసేపు తల గోక్కుని, రైటే అన్నాడు. న్యాయంగల పిల్లవాడు.

వెంటాడేవాళ్లకి బుద్ధి ఇచ్చిన ఆట కూడా సరిగ్గా ఆ 1983లోనే జర్మనీలో ఏడాదికి మేలైన ఆట అనిపించుకుంది. దాని పేరు "స్కాట్లండ్ యార్డ్". మన దేశంలోనూ దొరుకుతుంది, పిల్లలున్న ఇంట్లో చూసే ఉంటారు. లండను మ్యాపు, టాక్సీలు, బస్సులు, భూగర్భ రైళ్లు. మిస్టర్ ఎక్స్ అనేవాడు కనపడకుండా తిరుగుతుంటాడు. మూడో ఎత్తులో, ఎనిమిదో ఎత్తులో, అలా అయిదెత్తులకోసారి మాత్రం ముఖం చూపించాలి. డిటెక్టివులు ఒక్కొక్కరూ బలహీనులే. కలిసి మాట్లాడుకుంటేనే గెలుస్తారు. "నువ్వు నది ఇవతల ఉండు, నేను రైలు స్టేషను మూస్తా" అనుకోవాలి. వీధి పట్టుకుని వెనకాల పోయేవాడు ఎప్పటికీ పట్టుకోలేడు. అందులో ఒక నిబంధన చదివి పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. డిటెక్టివు వాడేసిన టిక్కెట్టు మిస్టర్ ఎక్స్‌కి పోతుంది! నువ్వు వెంటపడి వేసే ప్రతి అడుగూ పారిపోయేవాడికి దారిఖర్చవుతుంది. ఆ ఒక్క నిబంధనకి నేను బాండు పుస్తకంలోని అయిదు విన్యాసాలూ ఇచ్చేస్తాను.

మన పులిజూదం గుర్తుకు రావడం లేదూ? మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు, దూకలేదు. పులికి కదలడానికి చోటు లేకుండా చుట్టూ చేరి నిలబడుతుంది, అంతే. చిన్నప్పుడు మా తాతగారింట్లో అరుగు మీద గీసిన గళ్లల్లో చింతపిక్కలతో ఆడేవాళ్లం. మా తమ్ముడికి ఎప్పుడూ పులులే కావాలి. నాకు మేకలు. మేకలు వాడికి విసుగు. "నిలబడటం కూడా ఒక ఎత్తేనా?" అనేవాడు.

తమ్ముడి మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ వ్యాసం రాయడానికి కారణం వాడే, ఆట కాదు.

1986లో బెజవాడలో, గవర్నరుపేటలో రెండో ఆట సినిమా చూసి తిరిగొస్తున్నాం. నేను రిక్షాలో, వాడు పక్కన స్కూటరు మీద. మోటారుసైకిలు మీద ఎవడో వచ్చి నా మెళ్లో మూడుకాసుల గొలుసు తెంపుకుపోయాడు. "పట్టుకోరా!" అని అరిచాను. ఆ మాట నేనే అన్నాను. వాడికి ఇరవై రెండేళ్లు. ఏలూరు రోడ్డు మీద ఆ మోటారుసైకిలు ఎర్రదీపం తప్ప ఇంకేమీ చూడలేదు పాపం. అర్ధరాత్రి ఖాళీరోడ్డే గదా అనుకున్నాడు. అడ్డంగా వచ్చిన ఎడ్లబండిని తప్పించబోయి పడ్డాడు. గొలుసు దొరకలేదు. ఎడంకాలు రెండుచోట్ల విరిగి, అతుక్కున్నాక కురచైంది. నలభై ఏళ్లుగా వాడు కుంటుతూ నడిచి వస్తుంటే ఆ చప్పుడు నాకు ముందే తెలుస్తుంది.

అంచేత పిల్లలు "నెట్టు, గుద్దు" అంటే నాకు చెయ్యి రాదు. ఆ రాత్రి ఆట ముగిశాక, ఆ నెట్టడం నిజంగా జరిగేదేనా అని అడిగాను. పిల్లల్లో ఒకడు, తండ్రి లాయరు, చెప్పాడు. అమెరికా పోలీసులకి దాన్ని నేర్పుతారట. ముందుకారు వెనకచక్రం దాటిన చోట తమ కారు ముందుమూల ఆనించి పక్కకి తోస్తే, ఆ కారు గిర్రున తిరిగి ఆగిపోతుంది. తక్కువ వేగంలో. ఎక్కువ వేగంలో ఏమవుతుందో వాళ్ల సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001 మార్చిలో జార్జియా రాష్ట్రంలో విక్టర్ హారిస్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు 55 మైళ్ల వేగం దాటకూడని చోట 73లో పోయాడు. చేసిన నేరం మొదట అంతే. పోలీసులు దీపాలు వెలిగించేసరికి ఆగకుండా పారిపోయాడు. ఆరు నిమిషాలు, పదిమైళ్ల వేట. చివరికి టిమోతీ స్కాట్ అనే పోలీసు తన కారుతో వెనకనించి గుద్దాడు. కారు గట్టు కిందికి పోయి బోల్తాపడింది. కుర్రాడికి మెడ కింద చచ్చుబడిపోయింది.

2007లో తొమ్మిదిమంది జడ్జీల్లో ఎనిమిదిమంది పోలీసు చేసింది తప్పుకాదన్నారు. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. పోలీసులు వెంటపడటం ఆపేస్తే పారిపోయేవాడు నెమ్మదిస్తాడని భరోసా ఏమిటి? ప్రమాదకరంగా తోలేవాణ్ణల్లా వదిలెయ్యాలంటే ప్రతివాడూ ప్రమాదకరంగానే తోలతాడు కదా? నిజమే. జస్టిస్ స్టీవెన్స్ ఒక్కడే ఒప్పుకోలేదు. కారు నంబరు తెలుసు కదా, తర్వాత పట్టుకోవచ్చు కదా అన్నది ఆయన పక్షం. అంతకుముందు లేని విధంగా ఆ వేట వీడియోని కోర్టువారే తమ వెబ్‌సైటులో పెట్టారు. మావాడు కంప్యూటర్లో పెట్టి చూపించాడు. చీకట్లో రోడ్డు, ముందు రెండు ఎర్రదీపాలు. నేను సగంలో లేచి వెళ్లిపోయాను.

1979 నించి 2013 దాకా అమెరికాలో పోలీసు వేటల్లో 11 వేలమందికి పైగా చనిపోయారని 2015లో అక్కడి పత్రికొకటి లెక్కతేల్చింది. అందులో 5 వేలమందికి పైగా దారినపోయేవాళ్లూ, కార్లలో ఊరికే కూచున్నవాళ్లూనట. ఆట పుస్తకంలో ఎడ్లబండి లేదు చూశారా, నేనంటున్నదదీ. కారు ప్రమాదానికి పట్టికలున్నాయి, గుద్దినందుకు అంకెలున్నాయి. దూరం పెరిగి పెరిగి గీత దాటితే వేట ముగిసిందని కూడా ఉంది. కానీ వెంటపడేవాడు తనంతట తాను బ్రేకు వేసి "పోనీ" అనుకోవడం మా బల్ల మీద ఓటమి కిందే లెక్క. పాటలోంచి విరమించుకున్నావిడకి చిట్టీలో డివిడెండైనా వస్తుంది, ఇందులో ఏమీ రాదు. నంబరు రాసుకుని ఇంటికి పోయిన గూండాకి ఓ రెండు పాయింట్లు ఇయ్యరా అని అడిగాను. మావాడు ఆలోచిస్తానన్నాడు. ఆట చప్పబడిపోతుందేమోనని వాడి బెంగ. వాడి బెంగలోనూ న్యాయం లేకపోలేదు. అందరూ బుద్ధిమంతులైతే శనివారం సాయంత్రం ఎలా గడుస్తుంది?

వాడికి ఈ మధ్యే లైసెన్సు వచ్చింది. ఆ మాట ముందే చెప్పాల్సింది. మా అమ్మాయి రాత్రి తొమ్మిదయితే గేటు వైపు చెవి పెట్టుకుని కూచుంటుంది.

మర్నాడు ఫోనులో తమ్ముడికి ఇదంతా చెప్పాను. గూండాలూ, రేవు, పడవ, హీరో పాయింట్లూ. వాడు ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు. రెండో కారుని రేవుకి పంపానంటే "శభాష్ అక్కా" అన్నాడు. కాసేపాగి, "ఆ రాత్రి నేనూ వాడి వెనకాల పడకుండా అడ్డసందులోంచి కాలవ వంతెన దగ్గరికి పోవలసింది. వాడు అటే తిరగాలి, ఇంకో దారి లేదు. నా స్కూటరుకి నాలుగు నిమిషాలు" అన్నాడు.

"వాడు అటు తిరిగాడని నీకెలా తెలుసురా?" అన్నాను.

"తిరిగే ఉంటాడు. ఎన్నిసార్లు లెక్కేశాననుకున్నావ్?" అన్నాడు.